కాలువ చివరి ఎకరము

(గ్రంథాలయ సభయందు చేయబడిన ఉపన్యాసము)



పంటలకు నీరు చాలునట్లు చూచుట యనునది నేటి సభకు విషయముగా నిర్ణయింపబడినది. నెల్లూరి పేరు ‘నెల్’ అను వరి పేరునుండి పుట్టినదని కొందరును, నెల్లిచెట్టునుండి పుట్టినదని కొందరును చెప్పుదురు. ఆ వాదమెట్లున్నను, మొలగొలుకుల బియ్యమువలన ఈ సీమ పేరు దూరప్రాంతములకు ప్రాకినదనుట నిశ్చయము. అట్టి సీమలో సముద్రతీరపు రైతు ప్రతి పంటకును ఆకాశమువంక ఒకసారియు, కాలువవంక పదిసారులును చూచుచుండుటకు కారణమేమో మనము విచారింపవలసియున్నది.

మేము చెప్పదలచినది ఒక్కటియే. జలాశయమున నీరెంత నిలిచినదను లెక్కతో మనము తృప్తి చెందరాదు. కాలువ చివరనున్న ఎకరమునకు, పైరు కోరిన దినమున, నీరు చేరినదా లేదా యనుటయే మన పనికి సరియైన కొలత. ఈ కొలతను మనము ఉపేక్షించినచో దాని ఫలము చివరి రైతుతో ఆగదు. ఏల ఆగదో ముందు చెప్పెదము.

మొదట మన నది స్వభావమును తెలిసికొందము. పినాకిని యని పెద్దలు కొనియాడిన పెన్న కర్ణాటకమునందలి నందికొండల ప్రాంతమున పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, విడవలూరు మండలములోని ఊటుకూరు దగ్గర సముద్రమున కలియుచున్నది. దారిలో అది అనంతపురము, కడప సీమలను దాటుచున్నది. అనంతపురము దేశమున మిక్కిలి తక్కువ వాన కురియు ప్రాంతములలో ఒకటి. కావున గోదావరివలె ఏటికేడు నిండుగా నడచు నది కాదిది. మన తీరమునకు వాన ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనమువలన, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, తుపానులతో కలిసి వచ్చును. సంవత్సరపు వానలో సగమునకు మించి ఈ మూడు నెలలలోనే పడును. 2021 నవంబరులో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది, పెన్న పొంగినది, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకొనిపోయినది, జాతీయ రహదారి తెగి రాకపోకలు నిలిచినవి. అదే నదిలో నడివేసవిని ఇసుక తప్ప మరేమియు కానరాని ఏడులు పెక్కులు కలవు. కొలది దినములలో వచ్చి పోవు నీటిని నెలల తరబడి వాడుకొనవలసిన సీమ మనది.

ఈ కష్టమును మనవారు ఎరుగక ఊరకుండలేదు. 1855 ప్రాంతమున నెల్లూరు దగ్గరను, 1882–86 నడుమ సంగము దగ్గరను పెన్నకు ఆనకట్టలు వెలసినవి. సంగమునుండి వచ్చు నీరు కనిగిరి జలాశయమున చేరి నది ఉత్తరపుగట్టు పొలములకు పోవుచున్నది. నెల్లూరునుండి సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబు కాలువ దక్షిణపు పొలములవంకకు సాగుచున్నవి. ఒకప్రక్క కోవూరు, కొడవలూరు, విడవలూరు. మరియొకప్రక్క ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు. ఇవి యన్నియు ఆ నీటినే నమ్ముకొన్న మండలములు. తరువాత ఎగువను సోమశిల జలాశయము 78 టి.ఎం.సి. నిలువతో లేచినది. 1983 ఏప్రిల్ 18వ తేదీన తెలుగుగంగ ఒడంబడిక జరిగినది. దానివలన కృష్ణనీరు శ్రీశైలమునుండి సోమశిలకును, అచ్చటినుండి 68 టి.ఎం.సి. పట్టు కండలేరునకును, ఆపై చెన్నపట్టణమునకును పోవు మార్గమేర్పడినది. 2022 సెప్టెంబరు 6వ తేదీన సంగము, నెల్లూరుల వద్ద క్రొత్త బారేజీలు ప్రారంభమైనవి. రెండు జలాశయములును నిండినచో 146 టి.ఎం.సి.ల నీరు మన జిల్లాలో నిలుచును. ఇంత కట్టడము గల సీమలో నీరు చాలలేదను మాట వినబడినపుడు, లోపము కట్టడములోనే యున్నదని తొందరపడి చెప్పరాదు.

ఇక లెక్క చూతము. ఒక క్యూసెక్కు నీరు ఒక దినమంతయు పారినచో రెండెకరముల నేలపై ఇంచుమించు ఒక అడుగు లోతున నిలుచును. ఒక టి.ఎం.సి. నీటిని పదివేల ఎకరములపై పరచినచో సుమారు 70 సెంటీమీటర్ల లోతగును. వరికి దమ్ము మొదలు కోతవరకు, నేలనుబట్టి, ఒక మీటరును అంతకు మించియు నీరు కావలెను. అందు కొంత వానవలన వచ్చును; తక్కినది కాలువ ఇయ్యవలెను. అయితే పైరునకు మొత్తమెంత యనుటకంటె వేళ యనునది ముఖ్యము. నాటిన పిదప వేరూనునపుడు, చిరుపొట్ట వేళ, ఈనునపుడు నీరు తప్పరాదు. ఈనువేళ ఎండిన పైరునకు తరువాత చెరువంత నీరు పెట్టినను తాలుగింజ పాలు పోసికొనదు. రైతు ఎన్ని పుట్లు ఇంటికి తెచ్చుకొనుననునది ఆ కొలది దినములలోనే తేలిపోవును. కార్యాలయపు పుస్తకములో ఈ కాలువకు ఇంత నీరు విడువబడినదని వ్రాయబడియుండవచ్చును. ఆ నీరు ఎవని పొలమునకు ఏ దినమున చేరినదో ఆ పుస్తకము చెప్పదు.

కాలువ తలలోనుండు రైతు అవసరమునకు మించి నీరు పెట్టుకొనుననియు, చివరివాడు ఎండుననియు అందరును ఎరిగిన సంగతియే. తలవాడు దురాశాపరుడని నిందించి ఊరకుండుట సులభము. కాని ఆతని మనస్సును కొంచెము పరిశీలింపుడు. మరల నీరెప్పుడు వచ్చునో ఆతనికి తెలియదు. ఎల్లుండి తూము మూయుదురేమో, పై వారము కాలువకు గండి పడునేమో యను భయమున నేడు దొరికిన నీటిని మడిలో నిండుగ నిలుపుకొనుచున్నాడు. నీటి కొరతకంటె నీటి అనిశ్చయము ఎక్కువ నీటిని త్రాగుచున్నదని మా అభిప్రాయము. రేపటి వంతు నిశ్చయమని నమ్మినవాడు నేడు మోకాలిలోతు నీరు పెట్టడు. కావున తలవానికి నీతులు చెప్పుటకంటె వానికి నమ్మకము కలిగించుట మేలు.

దీనికి తోడు కాలువల దుస్థితి. గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకొని నీటినడకను అడ్డుచున్నవి. ఒండ్రు పేరుకొని కాలువ అడుగు ఎత్తగుచున్నది. తూములకు తలుపులు లేవు. ఉన్నచోట తాళములు లేవు. ఇట్టి కాలువలో తలను నిండుగ కనబడు నీరు చివరకు చేరునప్పటికి బురదచార యగును. చివరి రైతు రాత్రులందు లాంతరు పట్టుకొని గట్టువెంబడి కావలి తిరుగును. ఆ కావలివలన కలుగు తగవులు పొలముగట్లు దాటి ఊరిలోనికి వచ్చును. కూలికి పోవువారికి నాట్లు తప్పిపోవును. పశువులకు గడ్డి కరవగును. నీటికి సంబంధించిన అన్యాయము నీటితోనే ముగియదు.

ఇంతవరకు చెప్పినది ఏ డెల్టాకైనను వర్తించును. మన తీరమునకు ప్రత్యేకమైన మాట ఇపుడు చెప్పెదము. ఇతర సీమలలో నీరు చేరని చివరిభూమి బీడుగా నుండును. వాన వచ్చిన ఏట మరల పండును. సముద్రతీరమున అట్లుగాదు. ఇచ్చట మంచినీరు ఖాళీచేసిన చోటును ఉప్పునీరు ఆక్రమించును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. తీరభూమి అడుగున అది ఉప్పునీటిపై తేలుచుండును. హాలండు దేశమున బాడన్ ఘైబెన్ అనువాడు పందొమ్మిదవ శతాబ్ది చివరను, జర్మనీలో హెర్జ్‌బెర్గ్ అనువాడు ఇరువదవ శతాబ్ది మొదటను దీని లెక్కను తేల్చిరి. భూమిలోని మంచినీరు సముద్రమట్టమునకు ఒక అడుగు పైన నిలిచినచో, ఆ మట్టము క్రింద సుమారు నలువది అడుగుల వరకు మంచినీరే యుండును. ఆ పైనున్న అడుగును మనము తోడివేసినచో, క్రిందనుండి ఉప్పునీరు కాలక్రమమున నలువది అడుగులు పైకెక్కును. కాలువనీరు రాని రైతు బోరు వేయును. 2004 మొదలు వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితమగుటచే ఎంతసేపు తోడినను చేతి సొమ్ము పోదు. కొన్నియేండ్లకు ఆ బోరే ఉప్పునీరు పోయును. ఆ నీటిని పెట్టిన మడి చవుడగును.

ఇట్లు చవుడైన భూమిని ఏమి చేయవలెను? 1990 తరువాత మన తీరమున రొయ్యలచెరువులు విస్తరించినవి. పంట పండని భూమిని కౌలుకిచ్చి నాలుగు రూకలు కంటజూచుట రైతునకు ఊరటయే. ఆ వృత్తిని నమ్ముకొని నేడు వేలకుటుంబములు బ్రతుకుచున్నవి. వారిని దూషింపవలెనని మా ఉద్దేశము కాదు. కాని ఉప్పునీటి చెరువు ప్రక్కనున్న వరిమడికి ఆ గట్టు అడ్డుకాజాలదు. ఈ విషయమై దేశపు అత్యున్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 11వ తేదీన తీర్పు చెప్పుచు, వ్యవసాయభూములను రొయ్యలచెరువులుగా మార్చరాదని శాసించినది. 2005లో పార్లమెంటు చేసిన చట్టమువలన తీరప్రాంత జలసేద్యమునకు ఒక ప్రాధికార సంస్థయు, నమోదు పద్ధతియు ఏర్పడినవి. చట్టములు వచ్చినవి గాని, చివరిమడికి మంచినీరు రానంతవరకు రైతు ఆ చెరువులవైపునకే నెట్టబడుచుండును.

ఇపుడు గమనింపుడు. నేటి చివరి ఎకరము చవుడైనచో, దాని పైనున్న ఎకరము రేపు చివరిది యగును. అదియు చెడినచో ఎల్లుండి దాని పైది. చివర యనునది ఒకచోట నిలిచియుండునది కాదు. అది ఏటేట తలవైపునకు నడచివచ్చునది. కాలువ తలలో నున్నవాడు చివరివానికి నీరు విడుచుటను దానధర్మముగ తలపనక్కరలేదు. తనకును సముద్రమునకును నడుమనున్న కోటగోడను కాపాడుకొనుచున్నానని తలచిన చాలును.

ఇట్టి వివేకము మన పూర్వులకు లేకపోలేదు. పెన్నబేసినులోనే, కడపసీమయందలి పోరుమామిళ్లలో, బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు 1369లో చెరువు త్రవ్వించి శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు ఆ పనికి పట్టినవని అందు వ్రాయబడియున్నది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, రాదగని ఆరు దోషములును అందు చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. చవిటినేల ఒక దోషము. నీరు తక్కువయై భూమి ఎక్కువగుట ఒక దోషము. నీరు ఎక్కువయై భూమి తక్కువగుటయు దోషమే. నీటికిని భూమికిని పొత్తు కుదరవలెనను ఈ మాటను మించిన జలశాస్త్రము నేటికిని లేదు. చెరువుల మరమ్మతునకై దశబంధపు మాన్యములుండెడివి. వంతులను నడపుటకు నీరుగంటి యుండెడివాడు. గ్రామస్థులు ఏటేట కూడి కాలువ త్రవ్వుకొను కుడిమరామత్తు ఆచారముండెడిది. ఆ కాలము స్వర్గమని మేమనము. ఆ పనిలో చెమటయోడ్చినవారిలో పెక్కుమందికి సెంటు భూమియైన లేదు. అయినను కాలువ తమదను భావము ఊరికుండెడిది. 1858లో మదరాసు దొరతనమువారు చట్టము చేసి, గ్రామస్థులను ఈ పనికి నిర్బంధించు అధికారమును చేకొనిరి. ఇష్టముతో నడచిన పనికి నిర్బంధము వచ్చుటతో ఇష్టము పోయెను. నిర్బంధమును సరిగా నడపువారు లేక అదియు పేరునకే నిలిచెను. కాలువ సర్కారుదను మాట అట్లు మనలో వేరూనినది. దొరలు పోయి యేండ్లు గడచినను ఆ మాట మాత్రము మన నాలుకనుండి పోలేదు.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు సాగునీటి వ్యవస్థల నిర్వహణమున రైతులకు పాలు కల్పించుచు చట్టము చేసిరి. పదివేలకు పైగా నీటివినియోగదారుల సంఘములు ఏర్పడినవి. దేశమునకు మార్గదర్శకమని పలువురు కొనియాడిరి. 2024 డిసెంబరులో ఆ సంఘములకు మరల ఎన్నికలు జరిగినవి. అయితే సంఘము కాంట్రాక్టు పనుల పంపకమునకు మాత్రమే పనికివచ్చినచో దానివలన ప్రయోజనము లేదు. నీటి వంతులను నిర్ణయించి నిలుపుటయే దాని ప్రథమ కర్తవ్యము.

ఇది సాధ్యమా యని అడుగువారికి రెండు నిదర్శనములు చూపెదము. పంజాబు, హర్యానా ప్రాంతములలో వారబందీ యను పద్ధతి కలదు. వారమునకుగల 168 గంటలను భూమి విస్తీర్ణమునుబట్టి రైతులకు పంచి, ఎవని గంట ఎప్పుడో ముందుగనే వ్రాసియుంతురు. రాత్రి రెండుగంటల వంతైనను అది ఆతనిదే, మరియొకడు ముట్టరాదు. రెండవది స్పెయిను దేశమందలి వలెన్సియా పట్టణము. అచ్చట శతాబ్దములనుండి ప్రతి గురువారము ప్రధాన దేవాలయపు వాకిట రైతులే ఎన్నుకొన్న పెద్దలు కూర్చుండి నీటితగవులు తీర్చుచున్నారు. వకీళ్లు లేరు, కాగితములు పెరుగవు, నోటిమాటతో విచారణ, అక్కడికక్కడే తీర్పు. 2009లో యునెస్కోవారు ఆ పంచాయతిని మానవజాతి వారసత్వముగ గుర్తించిరి. పంచాయతి యను పేరే మనదైనపుడు ఆ పని మనకెట్లు అసాధ్యమగును?

కావున మేము కోరునవి కొన్ని కలవు.

సాగునీటి సలహామండలి ఏ కాలువకు ఎంత నీరు, ఏ తేదీనుండి ఏ తేదీవరకు అని నిర్ణయించిన వెంటనే, ప్రతి తూము వంతుపట్టికయు అచ్చువేయించి గ్రామచావడిలోను, పఠనాలయములోను అంటింపవలెను. పట్టిక నలుగురి కంటబడిన నాడు సగము తగవులు పుట్టకయే చచ్చును.

నీరు విడుచుటకు ముందుగనే కాలువలు బాగుపడవలెను. నీరు పారుచుండగా పూడిక తీయించుట ధనమును నీటిపాలు చేయుట. పని చివరనుండి మొదలుపెట్టి తలకు రావలెను. తలనుండి మొదలిడిన పని సగములోనే నిధులు లేవని ఆగుట మనమెరుగని వింత కాదు.

వంతును సాధ్యమైనచోట్ల చివరినుండియే ఆరంభింపవలెను. చివరివానికి నీరు చేరినదను వార్త సంఘాధ్యక్షునికి చేరిన తరువాతనే మొదటి వంతు పూర్తియైనట్లు లెక్క.

రైతు తానును కొంత మారవలెను. వరి నీటిమొక్కయే కాని నిత్యము నీటిలో మునిగియుండవలెనను నియమము లేదు. రంధ్రములు గల గొట్టమును మడిలో పాతి, నేలమట్టమునకు పదునైదు సెంటీమీటర్ల క్రిందికి నీరు దిగిన పిదప మరల తడిపెట్టు పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ప్రచారము చేసిరి. ఈనువేళ మాత్రము మడి ఎండనీయరాదు. దీనివలన పంట తగ్గకయే నీటిలో ముప్పది పాళ్లవరకు మిగులవచ్చునని వారి అనుభవము. అయితే చవుడు తాకిన మళ్లలో నీరు పలుచబడనీయరాదు గనుక, ఈ పద్ధతి తలభూములకే ముందుగ తగినది. తలలో మిగిలిన నీరు చివరకు పోవలెను. నిలువ తక్కువైన ఏట ఎడగారు వరిని పట్టుపట్టక, మినుము, పెసరవంటి ఆరుతడి పంటలకు మరలుట మేలు.

తీరగ్రామముల చెరువులను కాలువనీటితో నింపియుంచవలెను. ఆ నీరు నేలలో ఇంకి ఉప్పునీటిని వెనుకకు నెట్టును. మురుగుకాలువలు సముద్రముతో కలియుచోట పోటునీరు లోనికి రాకుండ తలుపులుండవలెను. వరదనాడు అవి తెరచుకొనవలెను.

తుదకు పట్టణవాసులమగు మనకును కర్తవ్యము కలదు. పట్టణముగుండ పోవు కాలువను మురుగుకాలువగ మార్చి, గట్టును ఆక్రమించి గోడలు కట్టి, దిగువరైతునకు నీరు చాలలేదని సానుభూతి సభలు జరుపుట వింతగాదా? ఆ కాలువలోని ప్రతి అడుగును దిగువనున్న ఎవని మడికో దారి. పురపాలక సంఘపు ఎన్నికలలో వోటడుగవచ్చినవానిని రోడ్లను గూర్చి అడిగినట్లే కాలువలను గూర్చియు మనము అడుగవలెను.

సోదరులారా! నీటిని తెచ్చుటకు నూటడెబ్బదియేండ్లుగా రాయి, సున్నము, ఇనుము, సిమెంటు ఎంతయో వ్యయమైనది. నీటిని పంచుకొనుటకు కావలసిన సామగ్రి తక్కువ వెలగలది: ఒక పట్టిక, ఒక తాళము, ఒక మాట. ఈ పంటకు నీరు విడిచినపుడు జలాశయములో ఎన్ని టి.ఎం.సి.లున్నవని మాత్రమే పత్రికలలో చదివి తృప్తిపడకుడు. మీ కాలువ ఏ ఊరిలో ముగియునో తెలిసికొనుడు. అచ్చటి చివరి ఎకరము తడిసినదా యని అడుగుడు. తడియకున్నచో, ఏ తూము దగ్గర నీరు ఆగినదో వెదకి, ఆ తూము దగ్గరకు నలుగురు కలిసి పొండు.